విలియము అను పేరు



గోదావరిఖనిలో గనిపని చేసి విశ్రాంతి గొన్న వృద్ధుడొకడు ఒకనాడు నన్నిట్లడిగెను: "పంతులుగారూ! ఇల్లెందు, కొత్తగూడెముల వైపు మేలైన బొగ్గుపొరను కింగుసీము అందురు గదా, అది ఏ రాజుగారి పేరు?" క్వీనుసీము అను మరియొక పొరయు నుండుటచే ఆ భ్రమ సహజమే. కాని యీ కింగు రాజు కాడు. 1870 తరువాతి తొలి యేండ్లలో ఇల్లెందు చెంత బొగ్గును గనుగొన్న భూగర్భశాస్త్రజ్ఞుడు డాక్టరు విలియము కింగు. ఆయన యింటిపేరు బొగ్గులో నిలిచినది, సొంతపేరు మరుగుపడినది. ఆ మరుగుపడిన పేరును గూర్చియే నేటి ప్రసంగము.

విలియమునకు ప్రాచీన జర్మానిక భాషలలోని రూపము విల్లహెల్ము. 'విల్ల' యనగా ఇచ్ఛ, సంకల్పము. 'హెల్ము' అనగా శిరస్త్రాణము. సంకల్పమే శిరస్త్రాణముగా గలవాడని బహువ్రీహి చెప్పుటకు నావంటి వానికి నాలుక దురదపెట్టును. అయితే ఆ జాతులవారు తల్లి వైపు పేరునుండి యొక ముక్క, తండ్రి వైపు పేరునుండి యొక ముక్క తీసి బిడ్డ పేరున జోడించుటయు గలదు. కనుక అర్థమును అంత బిగించి చెప్పరాదు. మొదటి ముక్క మన వరము, వరించుట యను మాటలకు మూలమైన 'వృ' ధాతువునకు చుట్టమనియు, రెండవది రక్షణార్థకమగు 'శర్మ' శబ్దమునకు జ్ఞాతియనియు భాషాశాస్త్రజ్ఞులు కొందరందురు. అట్లయిన విలియము దొర మన వరశర్మగారికి దాయాది యగును!

నార్మండీ ప్రభువగు విలియము 1066లో ఇంగ్లండును జయించిన పిదప ఈ పేరు ఆ దేశమున ఇంటింట వ్యాపించెను. కలకత్తాలోని ఫోర్టు విలియము కోటకు పేరిచ్చినవాడు ఆ దేశపు మూడవ విలియము రాజు.

ఇక రూపభేదములు. జర్మనులు విల్‌హెల్ము అందురు. డచ్చివారు విల్లెము, హంగరీవారు విల్మోష్ అందురు. ఫ్రెంచివారి పూర్వుల నోట జర్మానిక వకారము 'గ్వ'యై, తరువాత గకారముగా మారినది. కావున వారికి గియోము, స్పెయినువారికి గియెర్మో, ఇటలీవారికి గుల్యెల్మో. ఐర్లండువారి లియము ఈ పేరు తోక మాత్రమే. ఇంగ్లీషువారు ముద్దుగా విల్లు, బిల్లు అందురు. మన తెలుగు విల్లు కన్నడమున బిల్లగుట చూడుడు. ఆ రెంటికిని చుట్టరికము లేదు, కాని నోరు నడచిన దారి యొకటే.

గనిబొగ్గు ధూళి పీల్చిన రొమ్మును ఆసుపత్రిలో చూచు ఎక్స్ కిరణములను 1895లో కనుగొన్నవాడు విల్‌హెల్ము రంట్‌గెను. 1901లో తీగలు లేకుండ అట్లాంటిక్ సముద్రమునకు ఆవలినుండి సంకేతము నందుకొన్నవాడు గుల్యెల్మో మార్కొని; మీరీ ప్రసంగమును వినుచున్న రేడియో అట్టివారి కృషి ఫలమే. బొగ్గు కనుగొన్న దొరకును, వీరిరువురకును పేరొక్కటేయని యెందరికి తెలియును?

ఇదంతయు ఆ వృద్ధునకు చెప్పితిని. అతడు కొంతసేపూరకుండి, "మా గనిలో ఆ పేరివాడొకడు నాతో తట్ట మోసినాడు. వానిని మేము విల్లయ్య యంటిమి. దానినిగూడ మీ పట్టికలో వ్రాయుడు" అనెను.

వ్రాసికొంటిని.