కుక్కపిల్ల వెల

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని చండ్రుగొండ అడవి అంచున ఉన్న ఊరు. ఇట్టి పల్లెలలో కుక్కపిల్లకు వెల లేదు. ఊరకుక్క ఈనినప్పుడు కావలసినవారు ఒక పిల్లను ఎత్తుకొనిపోయి సాకుదురు. అది మేకలను, చేనును కాయును. తక్కిన పిల్లలు ఎవరివియు కావు. పట్టణములలోనైతే జాతికుక్క పిల్లకు వేలకొలది రూపాయలు పలుకుచున్నవి. ఒకటి ఉచితము, రెండవది ప్రియము అని తోచును గాని, లెక్క అంత సులభమైనది కాదు.

ఉచితముగా దొరకిన పిల్లకు వెల లేదన్నమాటే గాని ఖర్చు లేదని కాదు. ఆ ఖర్చును పిల్లలే భరించుచున్నవి. పశ్చిమ బెంగాలులో శాస్త్రజ్ఞులు 364 వీధికుక్క పిల్లలను గమనించి 2016లో ఫలితములు ప్రకటించిరి. ఈడునకు వచ్చువరకు బ్రతికినవి నూటికి 19 మాత్రమే. ఆ చావులలో ఎక్కువ భాగమునకు మనుష్యులే ఏదో ఒక విధముగా కారణమని తేలినది.

జాతికుక్కల సంగతి వేరు. అచ్చట తల్లిదండ్రులను ఎంచువాడు మనుష్యుడు. కాని ఏ గుణమును చూచి ఎంచుచున్నాడు?

తెలుగువారు తమదని చెప్పుకొనదగిన జాతి ఒకటి కలదు. దాని పేరు జోనంగి. కొల్లేటి ప్రాంతమున బాతులను మేపువారికి ఇది తోడుగా ఉండెడిది. మిక్కిలి పొట్టి వెంట్రుకలు, నొసటిమీద ముడుతలు దీని గుర్తులు. మొరుగుట తక్కువ, రాగము తీసినట్లు కూయుట ఎక్కువ. బాతులను తినక, మందను చెదరనీయక నడపునదియే మంచి కుక్క. అనగా ఎంపిక చేసినది పని. బాతుల పెంపకము తగ్గి చేపల చెరువులు వ్యాపించినప్పుడు ఆ పని పోయినది. చెరువులలో చేపలను పట్టుచున్నవని వీటిని చంపినవారును కలరు. నేడీ జాతి అరుదైనది.

పని పోయిన పిమ్మట జాతిని నిలుపునది అంగడి. అంగడి అడుగునది రూపము. తమిళనాడులోని రాజపాళయము కుక్కను చూడుడు. విజయనగర పతనానంతరము అచ్చటికి వలసపోయిన తెలుగు రాజుల పేరుతో ఈ జాతి ముడిపడియున్నది. పాలవంటి తెలుపు, గులాబిరంగు ముక్కు గలదానికే గిరాకి. ఈ తెల్లని కుక్కలలో కొన్నింటికి చెవుడు ఉండును. ఇది యాదృచ్ఛికము కాదు. రంగునిచ్చు కణములు పిండదశలో వెన్ను వెంబడి పుట్టి దేహమంతట వ్యాపించును. వానిలో కొన్ని లోపలి చెవిలో నత్తగుల్లవలె చుట్టుకొనియున్న భాగమును చేరి, అచ్చటి ద్రవములో పొటాషియము పాళ్లు సరిగా ఉండునట్లు తోడ్పడును. తెలుపును కలిగించు జన్యువులు కొన్ని ఈ కణములు చెవికి చేరకుండ అడ్డగించును. అట్టి చెవిలో వినికిడి కణములు, పిల్ల పుట్టిన కొన్ని వారములకే నశించును. డాల్మేషియన్ జాతిని అమెరికాలో పరీక్షించినప్పుడు దాదాపు నూటికి 30 కుక్కలకు ఒక చెవికో రెండు చెవులకో ఈ లోపమున్నట్లు తెలిసినది. ఒక చెవి మాత్రమే వినబడని కుక్కను యజమాని గుర్తింపలేడు. దానిని కనుగొనుటకు, శబ్దము వినిపించి మెదడులోని విద్యుత్ స్పందనలను కొలువవలెను. ఆ పరీక్షకు డబ్బు కావలెను.

రెండవ చిక్కు పోతుకుక్కలది. ఒకచోట 20 ఆడకుక్కలు, ఒకే పోతు ఉన్నవనుకొందము. జన్యుశాస్త్రములో ఇందుకొక సూత్రము కలదు: ఆడవాని సంఖ్యను మగవాని సంఖ్యతోను, వచ్చిన లబ్ధమును 4తోను గుణించి, మొత్తము సంఖ్యచే భాగింపవలెను. 80ని 21చే భాగించిన సుమారు 3.8 వచ్చును. కంటికి 21 కుక్కలు కనిపించినను, వంశవైవిధ్యమును నిలుపుటలో ఆ మంద నాలుగు కుక్కల మందకు కూడ సరిరాదు. అదే 21లో పోతులు 5, ఆడవి 16 ఐనచో ఫలితము 15కు మించును. విద్యార్థులు ఈ లెక్కను స్వయముగా చేసి చూడవచ్చును. తోబుట్టువులను కలిపిన పుట్టు పిల్లలో ప్రతి జన్యువు జతకు, రెండును ఒకే పూర్వజునినుండి వచ్చిన నకళ్లగుటకు నూటికి 25 పాళ్లు అవకాశమున్నది. తాతనాటి దాగిన లోపములు బయటపడునది ఇట్లే.

మరి అందరును అయిదేసి పోతులను ఏల పెంచరు? నాలుగు పోతులకు తిండి, టీకాలు అదనపు ఖర్చు. దాని లాభము జాతికంతటికి చెందును. ఖర్చు మాత్రము ఒక్కనిది. పైగా పరీక్షలు చేయించినవాని పిల్లయు, చేయించనివాని పిల్లయు అంగట్లో ఒకేరీతిగా తోక ఆడించును. జార్జి అకర్లాఫ్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు 1970లో పాతకార్ల బేరమును ఉదాహరించుచు దీనిని వివరించెను: సరుకులోని లోపము అమ్మువానికే తెలిసి కొనువానికి తెలియనప్పుడు, కొనువాడు మంచిదానికి తగిన ధర ఇయ్యడు, మంచి సరుకు తెచ్చువాడు అంగడి విడిచిపోవును. కార్లకు బాధ లేదు, కుక్కలకు కలదు. ఈ తేడాను ధర చూపదు.

2017లో కేంద్రప్రభుత్వము చేసిన కుక్కల పెంపకము, అమ్మకముల నిబంధనలు ఈ ఖర్చును తిరిగి పెంపకందారు పద్దులోనికే చేర్చుటకు చేసిన యత్నము. అతడు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు కావలెను. ఆడకుక్కకు 18 నెలలు నిండనిదే జతకట్టించరాదు. 8 వారములు నిండని పిల్లను అమ్మరాదు. ఈ చివరి నియమము వట్టి జాలి వలన కలిగినది కాదు. తల్లితోను తోడి పిల్లలతోను మెలగుచు కుక్కతనము నేర్చుకొను కాలమది. ఎంత గట్టిగా కరచిన ఆట చెడునో పిల్లకు తెలిసివచ్చునది అప్పుడే. ఆ వారములలో పాలు విడిచిన పిల్లల తిండిఖర్చు ఎక్కువ గనుకనే తొందరపడి అమ్మువారుందురు.

కొనువారు తల్లిని చూపుమని అడుగుట ఖర్చులేని పరీక్ష. చూపనివానివద్ద కొనకుండుట అంతకంటె మంచిది. ఇక జోనంగిని నిలుపదలచినవారికి మొదట కావలసినది బహుమతుల ప్రదర్శన కాదు. పోతులు ఎన్ని మిగిలియున్నవి, ఏ యే ఊళ్లలో ఉన్నవి, వానిలో దేనికి ఏది దగ్గర చుట్టమో తెలుపు జాబితా.