పొగ పంటి వేరు దాకా పోతుంది

కర్నూలు పాతబస్తీలో చూసినా, కడప బండల గనుల దగ్గర చూసినా, ఆదోని పత్తి మార్కెట్ హమాలీల్లో చూసినా, యాభై ఏళ్లకే పళ్లు కదిలిపోయినవాళ్లు కనిపిస్తారు. అడిగితే "వయసు పైబడింది కదా సార్" అంటారు. కొందరు బోరు నీళ్ల మీద నెపం వేస్తారు. జేబులోని బీడీ కట్ట మాట మాత్రం ఎవరూ ఎత్తరు. పొగ తాగితే ఊపిరితిత్తులు చెడిపోతాయని, క్యాన్సర్ వస్తుందని మా బడి పిల్లలకు కూడా తెలుసు. పంటి లోపలికి, వేరు చుట్టూ ఉన్న ఎముకకు అది చేసే కీడు మాత్రం చాలామందికి తెలియదు. పేదల వైద్యానికి చేయూతనిచ్చే దాతలకు ఈ సంగతి తెలియడం అవసరమని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

పన్ను పైకి రాయిలా కనిపించినా లోపల ప్రాణమున్నదే. పైన పింగాణి పొర, దాని కింద డెంటిన్, నడుమ చిన్న గదిలో మెత్తని గుజ్జు ఉంటాయి. నరాలు, రక్తనాళాలు ఆ గుజ్జులోనే ఉంటాయి. దానికి రక్తం ప్రధానంగా వేరు కొనలోని సన్నని రంధ్రం గుండా అందాలి. వేరు చుట్టూ ఉన్న సన్నని పోగులు పంటిని దవడ ఎముకకు పట్టి ఉంచుతాయి. సుంకేసుల దగ్గర నీళ్లు తగ్గితే కె.సి. కాలువ చివరి ఆయకట్టు రైతుకు ఏమవుతుందో మనకు తెలుసు. పంటి గుజ్జు కూడా ఆ చివరి పొలం లాంటిదే.

పొగలోని నికోటిన్ సన్నని రక్తనాళాలను బిగిస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ కూర్చోవలసిన చోటును ఆక్రమిస్తుంది. క్రిములతో పోరాడే తెల్లకణాలు మందగిస్తాయి. దెబ్బతిన్న పోగులను, ఎముకను తిరిగి కట్టే కణాల పని కూడా కుంటుపడుతుంది. బీడీ చిన్నదే కదా అనుకోవడానికి లేదు. తునికాకు సరిగా కాలదు. ఆరిపోకుండా ఉండాలంటే పదే పదే గట్టిగా పీల్చాలి. అందుకే విషవాయువులు ఎక్కువగా లోపలికి పోతాయి.

ఇందులో అసలు ప్రమాదం, జబ్బు బయటపడకపోవడం. చిగుళ్ల వ్యాధి వస్తే మామూలుగా పళ్లు తోముకునేటప్పుడు రక్తం కనిపిస్తుంది. మనిషి భయపడి డాక్టరు దగ్గరికి వెళతాడు. పొగతాగేవాళ్లకు రక్తనాళాలు బిగుసుకుని ఉండటం వల్ల ఆ రక్తం అంతగా రాదు. చిగుళ్లు గట్టిగా ఉన్నట్టే కనిపిస్తాయి, లోపల ఎముక మాత్రం కరిగిపోతూ ఉంటుంది. పన్ను కదిలాక గాని విషయం తెలియదు.

గుజ్జు సంగతికి వస్తే, అమెరికాలోని బోస్టన్‌లో 811 మంది మగవారిని గరిష్ఠంగా 28 ఏళ్ల పాటు గమనించిన పరిశోధన 2006లో వెలువడింది. ఎన్నడూ పొగతాగనివారితో పోలిస్తే సిగరెట్ తాగేవారికి రూట్ కెనాల్ అవసరం 1.7 రెట్లు ఎక్కువగా కనిపించింది. తాగిన ఏళ్లు పెరిగేకొద్దీ ముప్పు పెరిగింది. మానేసిన కాలం పెరిగేకొద్దీ తగ్గింది. ఈ చివరి మాటే మనకు ముఖ్యం.

ఎందుకంటే కూలి చేసుకునే మనిషికి రూట్ కెనాల్ ఖర్చు భరించలేని భారం. పన్ను పీకించుకోవడం చవక. అందుకే చాలామంది పీకించుకుంటారు. ఆ గాయం మానకముందే బీడీ ముట్టిస్తే, గుంటలో గడ్డకట్టిన రక్తం ఊడిపోయి ఎముక బయటపడి భరించలేని నొప్పి వచ్చే ముప్పు ఎక్కువ. దాతల సాయంతో చిగుళ్లు శుభ్రం చేయించుకున్నా, పొగ మానకపోతే చికిత్స ఫలితం తక్కువే. చిల్లి కుండలో నీళ్లు పోసినట్టు అవుతుంది.

మానేసినవారికి ఒక హెచ్చరిక చేయాలి. మొదటి వారాల్లో చిగుళ్ల నుంచి రక్తం ఎక్కువగా రావచ్చు. "మానేశాకే జబ్బు వచ్చింది" అని మళ్లీ బీడీ పట్టేవారున్నారు. నిజానికి అది రక్తప్రసరణ తిరిగి కుదుటపడుతోందనడానికి గుర్తు. అప్పుడే దంతవైద్యుడిని కలవాలి.

మానడం అసాధ్యమేమీ కాదు. రంజాన్ నెలలో సహరి నుంచి ఇఫ్తార్ దాకా పొగ ముట్టకుండా ఉండే మనిషి, మిగిలిన గంటలు కూడా ఉండగలడు. ఇఫ్తార్ అయిన వెంటనే వెలిగించే ఆ మొదటి బీడీని ఆపడానికే మన తోడు కావాలి. కేంద్ర ప్రభుత్వ ఉచిత సహాయ ఫోన్ 1800-11-2356 కూడా ఉంది.

కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. కర్నూలులో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది. దంత శిబిరానికి విరాళమిచ్చే దాతలను మేము కోరేది ఒక్కటే. పళ్లు చూసిన రోజుతో సహాయం ముగియనీయకండి. పొగతాగే ప్రతి రోగినీ ఆ అలవాటు గురించి అడిగి, మానేందుకు సలహా చెప్పి, నెల తర్వాత మళ్లీ పిలిచే మనిషికి కూడా ఆ విరాళంలో కొంత కేటాయించండి. పీకిన పన్ను తిరిగి రాదు. ఉన్న పన్నును నిలబెట్టే అవకాశం మాత్రం ఇంకా ఉంది.