గుండెల మీద కూర్చున్నదెవరు?

కోనసీమలోని అంబాజీపేట కొబ్బరి వ్యాపారానికి పేరుపొందిన ఊరు. అక్కడ కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసేవాళ్లు కనిపిస్తారు. నీళ్లు కదిలిన చప్పుడైతే అది మామూలు కాయ. నెలల తరబడి అటక మీద నిలవ ఉంచితే నీళ్లు ఇంకిపోతాయి. కొబ్బరి టెంకె నుంచి విడిపోయి లోపల గుండులా దొర్లుతుంది. ఊపితే గలగలమంటుంది. అదే కురిడీ.

కాయను పగలగొట్టకుండా చప్పుడును ఎందుకు నమ్ముతున్నాం? ఇంతకు మునుపు అలా చప్పుడైన కాయలను ఎన్నింటినో పగలగొట్టి చూశారు కాబట్టి. ఈ సంగతి గుర్తుంచుకోండి. దీనితో మనకు పని ఉంది.

ఒక రాత్రి

మీ ఇల్లు కొబ్బరితోట మధ్య ఉందనుకోండి. పరీక్షల రోజులు. బాగా పొద్దుపోయేదాకా చదివి వెల్లకిలా పడుకున్నారు. తెల్లవారుజామున మెలకువ వచ్చింది. దోమతెర కనిపిస్తోంది, తోటలో ఆకుల చప్పుడు వినిపిస్తోంది. కాని చెయ్యి కదలదు, నోరు పెగలదు. గుండెల మీద బరువు. మంచం పక్కన ఎవరో నిలబడ్డారు! కాసేపటికి ఒళ్లు స్వాధీనంలోకి వచ్చి, లేచి చూస్తే ఎవరూ లేరు.

పొద్దున చెబితే మామ్మ, "దయ్యం నొక్కింది, తాయెత్తు కట్టిస్తా" అంటుంది. అన్నయ్య, "ఒట్టి కోతలు!" అని నవ్వుతాడు. ఇద్దరిలో ఎవరి మాట సరైనది? ఇద్దరిదీ కాదు.

నిద్రలో ఏం జరుగుతుంది?

1953లో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఆసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ నిద్రలో ఒక విచిత్రమైన దశను వివరించారు. అప్పుడు రెప్పల కింద కనుగుడ్లు చురుకుగా కదులుతాయి. స్పష్టమైన కలలు ఎక్కువగా వచ్చేది ఈ దశలోనే. కలలో పరుగెత్తినప్పుడు మనం నిజంగా లేచి పరుగెత్తకుండా మెదడే కాళ్లూచేతుల కండరాలను సడలించి ఉంచుతుంది. కళ్లను తిప్పే కండరాలు, ఊపిరికి తోడ్పడే ఉదరవితానం మాత్రం పనిచేస్తూనే ఉంటాయి.

ఒక్కొక్కప్పుడు ఈ సడలింపు తొలగకముందే మెలకువ వస్తుంది. కళ్ల ముందు నిజమైన గది ఉంటుంది, అందులో కల కలిసిపోతుంది. దీనినే నిద్రా పక్షవాతం అంటారు. పేరుకు భయపడకండి. పక్షవాతం జబ్బుతో దీనికి సంబంధం లేదు, కాసేపట్లో దానంతట అదే పోతుంది. నిద్ర చాలకపోయినా, వేళ తప్పి పడుకున్నా ఇది వచ్చే అవకాశం ఎక్కువ. అనేక పరిశోధనలను కలిపి చూసి 2011లో ప్రచురించిన సమీక్ష ప్రకారం విద్యార్థుల్లో సుమారు 28 శాతం మందికి ఇది ఒక్కసారైనా అనుభవమైంది.

మరి పక్కన నిలబడినదెవరు? 2006లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు ఒక పరిశీలనను ప్రచురించారు. మూర్ఛ వ్యాధి ఉన్న ఒక యువతి మెదడులో ఎడమవైపు ఒకచోట స్వల్పంగా విద్యుత్తు ప్రసరింపజేస్తే, తన వెనుక నీడలాంటి మనిషి ఉన్నట్టు ఆమెకు తోచింది. ఆమె కూర్చుంటే ఆ నీడా కూర్చుంది! తన శరీరం ఎక్కడ ఉందో మెదడు వేసుకునే లెక్క తప్పితే, మన ఉనికే మరొకరిలా తోచవచ్చునన్న మాట.

దేనికి సాక్ష్యం?

ఇప్పుడు మళ్లీ కురిడీ దగ్గరకు వద్దాం. మీ అనుభవం ఆ చప్పుడు లాంటిది. అది నిజంగా జరిగింది, అందులో అబద్ధం లేదు. మన చైతన్యం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి అది విలువైన సాక్ష్యం. కాని "దయ్యం వచ్చింది" అనడం కాయ లోపల ఏముందో చెప్పడం. దానికి చప్పుడొక్కటే చాలదు, పగలగొట్టి చూడాలి.

అలా చూసే ప్రయత్నమూ జరిగింది. గుండె ఆగి మళ్లీ బతికిన కొందరు, "పైకి తేలి నా శరీరాన్ని నేనే చూశాను" అంటారు. 2008 నుంచి 2012 వరకు డాక్టర్ శామ్ పార్నియా బృందం 15 ఆసుపత్రుల్లో దీనిని పరిశీలించింది. కొన్నిచోట్ల ఎత్తున అరలు బిగించి, పైనుంచి చూస్తేనే కనిపించేలా బొమ్మలు పెట్టారు. మొత్తం 2,060 మందికి గుండె ఆగింది. బతికినవారిలో 140 మందితో మాట్లాడారు. తమ చుట్టూ జరిగినదాన్ని చూసినట్టు, విన్నట్టు చెప్పినవారు ఇద్దరే. అందులో ఒకరి మాటలు జరిగినదానితో సరిపోయాయి కూడా. కాని ఆ ఇద్దరికీ గుండె ఆగింది అరలు లేని చోట! అందుకే 2014లో ఫలితాలు వెలువడినా బొమ్మల ప్రశ్న తేలలేదు. కాయ ఇంకా పగలలేదు.

మీరు చేయగల పని ఒకటుంది. ఇలాంటి అనుభవం కలిగితే, ఎవరితోనూ మాట్లాడక ముందే నోటుపుస్తకంలో రాయండి. ఎన్ని గంటలు నిద్రపోయారు? ఎలా పడుకున్నారు? ఏం కనిపించింది? అది ఏమై ఉంటుందన్న మీ ఊహను వేరే పేజీలో రాయండి. తరచూ వస్తుంటే డాక్టరుకు చెప్పండి. మీ స్నేహితులెవరైనా ఇలాంటి సంగతి చెబితే నవ్వకండి, భయపెట్టకండి. "నిన్న రాత్రి ఎంతసేపు నిద్రపోయావు?" అని మొదట అడగండి.