చిల్లగింజయు తేటనీరును

వానకాలమున మా నెమలి ప్రాంతపు కట్టలేటి నీరువంటి బురదనీటిని తేర్చుటకు మన పెద్దలు చిల్లగింజను వాడిరి. సంస్కృతమున నిది కతకము. గింజను కుండ లోపల అరగదీసి నీరు నింపినచో, కొన్ని గడియలలో మడ్డి అడుగున చేరును.

బంకమట్టి రేణువులు ఋణవిద్యుత్తు గలవగుటచే ఒండొంటిని నెట్టుకొనుచు నీట నిలిచియుండును. గింజలోని జిగురు వానిని గుంపుగా కూర్చును; అంతట అవి బరువెక్కి దిగిపోవును. మునగగింజయందు ధనవిద్యుత్తు గల మాంసకృత్తు ఈ పని చేయును.

అయినను తేటనీరెల్ల శుద్ధజలము గాదు. కంటికి కానరాని రోగక్రిములు మిగిలియుండవచ్చును. పైతేటను వంచి, మరగకాచియే త్రాగవలెను. కతకము పేరు పలికినంతనే నీరు తేరదని మనుస్మృతి చెప్పినది. తేరినంతనే రోగభయము తీరదని మనము చేర్చుకొందము.