జిరాక్స్ మిషన్‌లో 141 ఎక్కడి నుంచి వచ్చింది?

"ఏ4 కాగితాన్ని ఏ3కి పెద్దది చెయ్యమంటే జిరాక్స్ మిషన్ 141% అని చూపిస్తుంది. కాగితం రెట్టింపవుతోంది కదా, 200% అని ఉండాలి కదా?" అని ఒక పాఠకుడు అడిగారు. ఈ నెలకు వేరే విషయం అనుకున్నాను. ఈ ప్రశ్న చూశాక దాన్ని పక్కన పెట్టేశాను.

ముందు పాఠం రెండు ముక్కల్లో. ఆకారం ఒకటే అయి కొలతలు వేరైతే అవి సరూప పటాలు. కొత్త పటం భుజాన్ని పాత పటంలోని అనురూప భుజంతో భాగిస్తే వచ్చేది స్కేలు గుణకం. అది 1 కంటే ఎక్కువైతే పటం పెరిగినట్టు, తక్కువైతే తగ్గినట్టు. ఏ జత భుజాలు తీసుకున్నా భాగఫలం ఒకటే రావాలి. రాలేదంటే అవి సరూపాలు కావు. అంతే సంగతి.

ఇక భాగహారం చేద్దాం. ఏ4 కొలతలు 210, 297 మిల్లీమీటర్లు. ఏ3 కొలతలు 297, 420. పొడవును పొడవుతో భాగించాలి కాబట్టి 420ని 297తో భాగిద్దాం. ఒకసారి పోతుంది, శేషం 123. దశాంశ బిందువు పెట్టి సున్నా దించితే 1230. అందులో 297 నాలుగుసార్లు, శేషం 42. మళ్లీ సున్నా దించండి. 420! మొదలుపెట్టిన సంఖ్యే తిరిగొచ్చింది. ఇక ఈ లెక్కకు ముగింపు లేదు. 1, 4, 1, 4 అంటూ 1.414141... అని సాగుతూనే ఉంటుంది.

ఇప్పుడు వెడల్పు. 297ని 210తో భాగిస్తే 1.4142857142857... వస్తుంది. ఇక్కడా ఒక చక్రం తిరుగుతోంది, కానీ ఇది 142857. ఒకటిని ఏడుతో భాగించిన ఎవరికైనా ఈ ఆరంకెలూ పాత పరిచయమే.

గమనించారా? రెండు భాగఫలాలూ ఒకటి కాదు. మూడు దశాంశ స్థానాల దాకా కలిసి నడిచి, నాలుగో స్థానంలో విడిపోయాయి. నాకు దశాంశ భాగహారం మీద ఇంత మక్కువ ఎందుకంటే ఇందుకే. ఈ రెంటినీ భిన్నాలుగా ఉంచితే 140/99, 99/70. ఏది పెద్దదో చూడగానే చెప్పలేం. అడ్డంగా గుణించి చూస్తే ఒకవైపు 9800, మరోవైపు 9801. ఒకే ఒక్కటి తేడా! దశాంశాల్లో పెడితే ఆ తేడా ఎక్కడ మొదలైందో, ఎంత ఉందో కంటికే కనిపిస్తుంది. కాగితం మీద అది 0.04 మిల్లీమీటరు, మనం రోజూ వాడే కాగితం మందంలో సగం కూడా ఉండదు.

ఆ తేడా అయినా ఎందుకు వచ్చింది? ఏ3ని సరిగ్గా మధ్యకు మడిస్తే ఏ4 రావాలి, దాని ఆకారం మాత్రం మారకూడదు. అదీ నియమం. వెడల్పు 1, పొడవు ఎక్స్ అనుకోండి. మడిచాక పొడవు 1, వెడల్పు ఎక్స్‌లో సగం. రెండు నిష్పత్తులూ సమానం కావాలంటే ఎక్స్ వర్గం 2 కావాలి. అంటే ఎక్స్ రెండు వర్గమూలం, 1.41421356... ఇది ఏ రెండు పూర్ణాంకాల భాగహారానికీ లొంగదు, దీని అంకెల్లో చక్రమూ ఉండదు. కాగితం కోసేవాళ్లకు మాత్రం పూర్తి మిల్లీమీటర్లు కావాలి. అందుకే ఒక భాగఫలం దీనికి కాస్త కింద, మరొకటి కాస్త పైన నిలిచాయి. మిషన్ దాన్ని 141%గా కుదించింది. భుజాలు 1.414 రెట్లయితే వైశాల్యం దాని వర్గం, అంటే 2 రెట్లు. 200% పెడితే కాగితం నాలుగింతలై ఏ2 అవుతుంది.

మన పాఠకుడి సందేహానికి ప్లేటో కాలం నాటి చరిత్ర ఉంది. ఆయన రాసిన 'మెనో' సంభాషణలో సోక్రటీసు ఒక బానిస కుర్రాణ్ణి, రెండడుగుల చదరానికి రెట్టింపు వైశాల్యం రావాలంటే భుజం ఎంత ఉండాలని అడుగుతాడు. నాలుగడుగులు అంటాడు కుర్రాడు. వైశాల్యం 8 కావాల్సింది 16 వచ్చింది. సరే, మూడడుగులు అంటాడు. 9 వచ్చింది. చివరికి జవాబు ఆ చదరం కర్ణంలో దొరుకుతుంది, అంటే భుజానికి రెండు వర్గమూలం రెట్లు. మన శుల్బసూత్రకారులు ఈ తప్పు చెయ్యలేదు. యజ్ఞవేదికల కొలతలు చెప్పిన బౌధాయనుడు, తెలుగునాట ఎన్నో కుటుంబాలు తమ సూత్రకారుడిగా చెప్పుకునే ఆపస్తంబుడు, ఇద్దరూ రెండు వర్గమూలానికి ఒకటి, దానికి మూడోవంతు, అందులో నాలుగోవంతు కలిపి, ఆ చివరిదానిలో ముప్పైనాలుగోవంతు తీసెయ్యమన్నారు. 577/408. దీన్ని భాగించి చూడండి, 1.414215... ఐదు దశాంశ స్థానాల దాకా సరిపోతుంది!

ఈ నిష్పత్తిలోని సుగుణాన్ని కాగితానికి ముడిపెట్టి 1786లో ఒక ఉత్తరం రాసినవాడు జర్మన్ శాస్త్రవేత్త లిష్టెన్‌బర్గ్. వాల్టర్ పోర్స్ట్‌మన్ కృషితో 1922లో అది జర్మనీ ప్రమాణమైంది, 1975లో అంతర్జాతీయ ప్రమాణమైంది. పక్కన లీగల్ కాగితాన్ని పెట్టి చూడండి. దాని పొడవు 14 అంగుళాలను వెడల్పు 8.5 అంగుళాలతో భాగిస్తే 1.647. సగానికి మడిస్తే 8.5ను 7తో భాగించాలి, 1.214. ఒక్క మడతకే ఆకారం మారిపోయింది. మన సుప్రీంకోర్టు 2020లో లీగల్ కాగితం వదిలి ఏ4కు మారడం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

ఉపయోగాలంటారా? ఒక పేజీలో రెండు పేజీలు అంచు వృథా కాకుండా పడతాయి. తిరిగి చిన్నది చెయ్యాలంటే 297ని 420తో భాగించండి, 0.707. మిషన్ల మీద 71% అనీ 70% అనీ ఉండేది ఇదే. ఏ0 వైశాల్యం ఒక చదరపు మీటరు, ఏ4 అందులో పదహారోవంతు. కాబట్టి 80 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 80 గ్రాములు ఉండే ఏ4 కాగితం ఒక్కోటి 5 గ్రాములు తూగుతుంది.

నాకున్న బాధల్లా బడి లెక్కల గురించే. స్కేలు గుణకం అడిగితే ఎప్పుడూ 6 బై 3, 12 బై 4. జవాబు 2 అనో 3 అనో తేలిపోతుంది, పిల్లలు భాగించే పనే ఉండదు. వాళ్ల చేతికి ఒక ఏ4, ఒక ఏ5 ఇవ్వండి. ఏ5 వెడల్పు 148.5 కావాల్సింది 148కి కుదించారు. 210ని 148తో భాగిస్తే 1.4189 వస్తుంది, తేడా మూడో స్థానంలోనే బయటపడుతుంది. ఎక్కడ కుదించారో భాగహారమే పట్టిస్తుంది. సరూపత అంటే ఏమిటో ఆ ఒక్క లెక్కతో పిల్లలకు తెలుస్తుంది.