మెరిసే రేకు ఎందుకు కాలుతుంది?

"మా వెల్డింగు షాపుకి కొత్త జింకు రేకులు వేయించాం. తళతళా మెరుస్తున్నాయి. ఎండను తిప్పికొట్టాలి కదా, మరి మధ్యాహ్నం అయ్యేసరికి లోపల నిలబడలేకపోతున్నామేం?" అని ఒక పాఠకుడు అడిగారు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి, అయిదేళ్లలో 300 చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లబరచాలని లక్ష్యం పెట్టుకున్నాక తెల్ల డాబాల గురించి చాలా మాటలు వినబడుతున్నాయి. ఈ ప్రశ్న మాత్రం సూటిగా అసలు గుట్టునే పట్టుకుంది.

నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు చదరపు మీటరు కప్పు మీద దాదాపు 1000 వాట్ల శక్తి పడుతుంది. మామూలు సిమెంటు శ్లాబు అందులో సగానికి పైగా తాగేస్తుంది. మంచి తెల్ల పూత కొత్తలో 80 శాతం దాకా తిప్పి పంపుతుంది. ఇది అందరికీ తెలిసిందే. తిప్పికొట్టగా మిగిలిన వేడి ఎటు పోతుందన్నదే అసలు కథ.

వేడి ఉన్న ప్రతి వస్తువూ కంటికి కనబడని పరారుణ కిరణాలను వదులుతూనే ఉంటుంది. 60 డిగ్రీలకు చేరిన సున్నపు పూత చదరపు మీటరుకు 600 వాట్లకు పైగా వదులుతుంది. అంతే వేడిగా ఉన్న నున్నటి అల్యూమినియం అందులో పదో వంతు కూడా వదలదు. కొత్త జింకు రేకుదీ ఇంచుమించు అదే పిసినారితనం. ఏ కిరణాన్ని బాగా పీల్చుకోగలదో, వస్తువు దాన్నే బాగా వదలగలదని గుస్తావ్ కిర్కాఫ్ 1859లోనే తేల్చాడు. సున్నం కంటికి తెలుపు, పరారుణానికి నలుపు! రేకు రెండింటినీ తిప్పికొట్టేదే. అందుకే తనలోకి చేరిన కాస్త వేడిని కూడా వదిలించుకోలేక కాలిపోతుంది. తుప్పు పట్టాక ఎండను మరింత తాగుతుంది, ఆ వేడిని కింద పనిచేసేవాళ్ల నెత్తినా పోస్తుంది.

సున్నం వదిలిన కిరణాలు ఎక్కడికి పోతాయి? గాలిలోని నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ పరారుణాన్ని చాలావరకు పట్టేసి, కొంత కిందికే పంపుతాయి. కానీ 8 నుంచి 13 మైక్రాన్ల మధ్య వాటి పట్టు సడలుతుంది. మన కప్పులు ఎక్కువగా వదిలే కిరణాలు సరిగ్గా అక్కడే, 9, 10 మైక్రాన్ల దగ్గరే ఉంటాయి! వాతావరణానికి ఉన్న ఆ కిటికీ గుండా డాబా వేడి నేరుగా అంతరిక్షంలోకి పోతుంది.

ఈ సంగతి తెలియక పెద్దపెద్దవాళ్లే పొరబడ్డారు. అలహాబాదు దగ్గర నీరు గడ్డకట్టేంతగా గాలి చల్లబడని రాత్రుల్లోనూ, ఎండు కాడలు పరిచిన గుంటల్లో మట్టి పళ్లేలు పెట్టి మంచు చేసేవారని రాబర్ట్ బార్కర్ 1775లో రాశాడు. నీరు ఆవిరి కావడం వల్లే అంత చలువ అని చాలామంది అనుకున్నారు. అదే నిజమైతే గాలి వీచే రాత్రి మంచు ఇంకా బాగా కట్టాలి. కట్టేది మాత్రం గాలి ఆగి, మబ్బు లేని రాత్రే. లండన్ వైద్యుడు విలియం చార్లెస్ వెల్స్ మంచుబిందువులను పరిశీలించి 1814లో ఈ చిక్కు విప్పాడు. మంచుబిందువులు పడ్డాక గడ్డి చల్లబడడం కాదు, గడ్డి తన వేడిని ఆకాశానికి వదిలి ముందే చల్లబడితే దానిమీద మంచుబిందువులు చేరుతున్నాయి. పళ్లేల్లోని నీరు గడ్డకట్టడమూ అలాగే.

ఎండలో కూడా అలా చల్లబడటం సాధ్యమని స్టాన్‌ఫర్డ్‌లో ఆశ్వత్ రామన్ బృందం 2014లో చూపింది. ఎండను 97 శాతం తిప్పికొట్టి, పరారుణాన్ని మాత్రం ఆ కిటికీలోంచి వదిలే పలక చేస్తే, అది పట్టపగలు చుట్టూ ఉన్న గాలికంటే దాదాపు 5 డిగ్రీలు చల్లగా నిలిచింది. మేడ మీద, కరెంటు లేకుండా!

ఇక షాపు సంగతి. రేకు మీద తుప్పు ఉంటే గీకి, ప్రైమర్ కొట్టి, పైన తెల్ల కూల్ రూఫ్ పెయింటు వేయండి. డాబాకైతే సున్నమూ పనికొస్తుంది, ఏటా వేసవికి ముందు మళ్లీ వేయాలి. దుమ్ము పేరుకుంటే గుణం పోతుంది కాబట్టి కడగక తప్పదు. విశాఖలాంటి తీర ప్రాంతాల్లో ఉక్క ఎక్కువ కనుక కిటికీ సగం మూసుకుంటుంది, ఫలితం కొంత తగ్గుతుంది. అయినా ఉంటుంది. నా బాధ ఒక్కటే. అద్దె షాపుల్లో కప్పు యజమానిది, ఉక్క అద్దెకున్నవాడిది, కరెంటు బిల్లూ వాడిదే. అందుకే పెయింటు డబ్బా కొనేవాడు లేక, ఏసీ కొనేవాడు మిగులుతున్నాడు. ఆ ఏసీ తన వేడినంతా వీధిలోకే ఊదుతుంది. అద్దె ఒప్పందంలో కప్పుకు తెల్ల పూత ఎవరు వేయించాలో ఒక్క వాక్యం రాసుకుంటే, వ్యాపారికీ వీధికీ మేలు.