శత్రువుల నడత - శీఘ్రక్రీడ

ఒక వీడియో ఆటను వీలైనంత తక్కువ కాలంలో ముగించడమే లక్ష్యంగా ఆడే పద్ధతిని స్పీడ్‌రన్ అంటారు. తెలుగులో దీనిని శీఘ్రక్రీడ అనవచ్చు. ఇందులో ఆటగాని అసలు ప్రత్యర్థి గడియారమే. అయితే గడియారానికీ ఆటగానికీ నడుమ అడుగడుగునా అడ్డు నిలిచేవి ఆటలోని శత్రుపాత్రలు. వాటి నడతను ఆకళింపు చేసుకోనివానికి వేళ్ళ చురుకుదనం ఎంత ఉన్నా ప్రయోజనం లేదు.

జపాను దేశపు నింటెండో సంస్థ 1985లో వెలువరించిన ‘సూపర్ మారియో బ్రదర్స్’ ఇందుకు చక్కని ఉదాహరణ. షిగేరు మియామొతో, తకాషి తెజుకా దీని రూపకర్తలు. 1990ల నాటి ఆంధ్రదేశపు పట్టణాలలో టీవీకి తగిలించి ఆడిన క్యాసెట్ల ఆటలలోనూ ఇది ఉండేది. ఇందులో 8 లోకాలు, లోకానికి 4 చొప్పున 32 రంగాలు ఉన్నాయి. దగ్గరి దారి చూపే గొట్టాలలోకి దిగి, 8 రంగాలతోనే ఆటను ముగించడం శీఘ్రక్రీడాకారుల మార్గం. మారియోను పెద్దవానిగా మార్చే పుట్టగొడుగును వారు ముట్టరు. ఆ మార్పుకు పట్టే కాలం కూడా వారికి నష్టమే. అందువల్ల శత్రువు ఒక్కమారు తగిలినా మారియో మరణిస్తాడు, అంతవరకు పడిన శ్రమ వృథా అవుతుంది.

ఈ శత్రువులకు ఆలోచన లేదు, నియమం మాత్రమే ఉంది. గూంబా అనే పుట్టగొడుగు ఆకారపు ప్రాణి తిన్నగా నడుస్తుంది. గోడ తగిలితే వెనుదిరుగుతుంది, అంచు వస్తే కింద పడిపోతుంది. ఆకుపచ్చ తాబేలు నడతా ఇంతే. ఎర్ర తాబేలు మాత్రం అంచు దాకా వచ్చి వెనుదిరుగుతుంది. గొట్టంలోని పిరాన్యా మొక్క మారియో చేరువలో ఉన్నంతసేపు తల పైకెత్తదు.

అన్నిటికన్న ముఖ్యమైన నియమం మరొకటి ఉంది. శత్రువులు రంగం మొదలైనప్పటి నుండి తిరుగుతూ ఉండవు. మారియో ముందుకు సాగి, తెర వాటి చోటికి చేరువైనప్పుడే అవి పుడతాయి. కాబట్టి ఎక్కడా ఆగక పూర్తి వేగంతో పరుగెత్తేవానికి ప్రతిసారీ అదే గూంబా అదే చోట ఎదురవుతుంది. తెరపై బొమ్మ సెకనుకు దాదాపు 60 మార్లు మారుతుంది. అలా మారే ఒక్కొక్క బొమ్మను ఫ్రేము అంటారు. ఒక ఫ్రేములో మారియో రెండున్నర చుక్కల దూరం పరుగెత్తితే, గూంబా అర చుక్క నడుస్తుంది. భయపడి ఒక్క క్షణం జంకినవానికి ఈ లెక్క తప్పుతుంది, అలవాటు లేని చోట శత్రువు తారసపడుతుంది. ఈ ఆటలో జాగ్రత్తపరునికే ప్రమాదం ఎక్కువ అనడం వింతగా తోచినా నిజం.

తాకిడి విషయంలోనూ విశేషాలున్నాయి. మారియో శత్రువును తాకాడా లేదా అన్నది ఆట ప్రతి ఫ్రేములోనూ చూడదు, ఫ్రేము విడిచి ఫ్రేము చూస్తుంది. మారియో కిందికి దిగుతున్నప్పుడు తాకితే, పక్కనుండి తగిలినా సరే, తొక్కినట్లే లెక్క. ముళ్ళ ప్రాణులు, మొక్కలు దీనికి మినహాయింపు. తొక్కగానే మారియో కొంత పైకి ఎగురుతాడు. పరుగు వేగం తగ్గదు కాని, తరువాతి గెంతుకు నేలపై ఉండవలసిన క్షణంలో అతడు గాలిలో ఉంటాడు. ఈ కారణంగా తొక్కడానికి వీలున్న శత్రువును కూడా నేర్పరి తరచుగా దాటిపోతాడు.

ఆలస్యానికి ఆట చెల్లించుకునే మూల్యం కూడా విచిత్రమైనది. చివరి రంగం తప్ప మిగిలిన వాటిలో, రంగం ముగిసిన తరువాత ఆట 21 ఫ్రేములకు ఒకమారు మాత్రమే తరువాతి రంగానికి కదులుతుంది. రేవులో నిర్ణీత వేళకు కదిలే పడవ వంటిదిది. ముందుగా వచ్చినవాడూ, ఆఖరి క్షణంలో వచ్చినవాడూ ఒకే పడవలో దాటుతారు. ఒక్క అడుగు వెనుకబడినవాడు మాత్రం తరువాతి పడవ కోసం నిలిచిపోవాలి. కనుక ఒక తాబేలు కోసం రెండు ఫ్రేములు తగ్గితే ఒకప్పుడు ఏ నష్టమూ ఉండదు, మరొకప్పుడు సెకనులో మూడోవంతుకు పైగా పోతుంది.

8-3 రంగంలోని సుత్తి సోదరుల వద్ద మాత్రం నేర్పు ఒక్కటే చాలదు. వీరు ఎగురుతూ, ముందుకూ వెనుకకూ జరుగుతూ సుత్తులు విసురుతారు. ఎప్పుడు ఎగరాలో, ఎప్పుడు విసరాలో ఫ్రేము ఫ్రేముకూ మారే ఒక సంఖ్యల వరుస నిర్ణయిస్తుంది. యంత్రాన్ని ఆన్ చేసిన ప్రతిసారీ ఆ వరుస ఒకే చోట మొదలవుతుంది. అందువల్ల అదే ఫ్రేములో అవే మీటలు నొక్కితే సోదరులు అలాగే ప్రవర్తిస్తారు. దీనిని అదృష్టమని పిలవడం వాడుకే కాని, నిజానికి అది గణితం. అయితే ప్రతిసారీ సెకనులో అరవయ్యోవంతును ఎంచి నొక్కడం మనిషికి చాలా కష్టం. నాలుగు నిమిషాలు ఏ తప్పూ లేకుండా సాగిన ఆట ఇక్కడ ఒక్క సుత్తి దెబ్బకు ముగిసిపోవడం, ఆటగాడు మళ్ళీ మొదటి రంగానికి రావడం ఈ విద్యలో నిత్యకృత్యం.

శత్రువు మేలు చేసే సందర్భం కూడా లేకపోలేదు. 8-2 రంగం చివర ఫిరంగి నుండి వచ్చే బుల్లెట్ బిల్ అనే గుండుపై సరిగ్గా కాలు మోపి, ఆ ఊపుతో జెండా స్తంభం మొదట్లో దిగితే జెండా కిందికి జారే తంతు తప్పిపోతుంది. ఆ ఫిరంగి పేలే వేళను నిర్ణయించేది కూడా ఆ సంఖ్యల వరుసే.

2021లో నిఫ్ట్‌స్కీ అనే మారుపేరు గల ఆటగాడు 4 నిమిషాల 55 సెకన్ల హద్దును తొలిసారిగా దాటి, 4 నిమిషాల 54.948 సెకన్లలో ఆటను ముగించాడు. 2023లో అతడే దానిని 54.631కి తగ్గించాడు. రెండేళ్ళ సాధనకు దక్కినది మూడు పదోవంతుల సెకను! ఇంతటి పోటీలో ఆఖరిదైన 8-4 రంగం మరీ కఠినం. అక్కడ పడవ లేదు, ప్రతి ఫ్రేమూ లెక్కలోకి వస్తుంది. వంతెనపై బౌజర్ అనే రాక్షసుడు నిప్పులు కక్కుతూ, సుత్తులు విసురుతూ, ఎగురుతూ ఉంటాడు. అతడు పైకి ఎగిరితే కిందుగా, దిగితే మీదుగా పోవాలి. అతని వెనుక ఉన్న గొడ్డలిని మారియో తాకిన క్షణాన గడియారం ఆగుతుంది.